అమ్మ నవ్వంతా నటనేనా?

ప్రశ్న: మాది హనుమకొండ. బాపు ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి వచ్చే నెలకు ఏడాది. ఆమె ఉన్నచోట నవ్వులే. బాపు డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆయన పాత టోపీ పెట్టుకుని, విజిల్ ఊది, నన్నూ తమ్ముడినీ వరుసలో నిలబెట్టి 'అటెన్షన్' అంటూ బడికి తయారుచేసేది. పెద్దకర్మ నాడు ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు. బాపు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయారు. "తల్లి పోయి పట్టుమని పదిహేను దినాలు కాలే, అప్పుడే ఇకిలింపులా" అని మేనత్త తిట్టింది. ఈ మధ్య ట్రంకు పెట్టెలో అమ్మ నోటుబుక్కు దొరికింది. 1999లో, కార్గిల్ యుద్ధమప్పుడు రాసుకున్నది. 'ఈ రాత్రి గూడ ఫోన్ రాలే. పిల్లలు పండుకున్నరు. నాకు నిద్ర పడ్తలేదు' అని పేజీలకు పేజీలు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాతో విజిల్ ఆట ఆడింది కూడా ఆ రోజుల్లోనే. మరి ఆ నవ్వంతా నటనేనా? సంవత్సరీకం నాడు ఆమె గురించి ఏం చెప్పాలి? ఇంకో మాట. అమ్మ ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డును బాపు ఇంకా పర్సులోనే పెట్టుకుని తిరుగుతున్నారు. వాపస్ ఇవ్వాలి కదా అంటే కస్సుమంటున్నారు.

జవాబు: చెల్లెమ్మా, నటన కాదు. ఆ వేసవి ఎలా గడిచిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మేలో మొదలైన యుద్ధం జులై 26 దాకా సాగింది. సెల్‌ఫోన్లు మన ఇళ్లకు ఇంకా రాలేదు. ఉత్తరం రాయాలంటే 'కేరాఫ్ 56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో ఆర్మీ పోస్టాఫీసు నంబరు రాయాలి. ఆ చిరునామాను బట్టి మనిషి ఏ కొండ మీద ఉన్నాడో తెలియదు. సాయంత్రమైతే టీవీలో వార్తలు, శవపేటికలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. జూన్‌లో బడులు తెరిచారు. పొద్దున్నే జడలు వేయాలి, డబ్బా కట్టాలి, టైముకు పంపాలి. మీ అమ్మ భయాన్ని రాత్రి నోటుబుక్కులో పెట్టి, పొద్దున విజిల్ ఊదింది. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి. ఆ ఏడాది గురించి మీకు గుర్తున్నది విజిలే, యుద్ధం కాదు. ఆమె అనుకున్నది అనుకున్నట్టు జరిగింది.

అందుకే సంవత్సరీకం నాడు ఫొటో కింద 'ఎప్పుడూ నవ్వుతూ ఉండే మహాతల్లి' అని రాయించి ఊరుకోకండి. జవాను భార్య అనగానే మనవాళ్ల నోటికి 'త్యాగమూర్తి' అన్న మాట తప్ప ఇంకోటి రాదు. నాకు ఆ మాటంటే కొంచెం చిరాకు. కరెంటు బిల్లు కట్టిందెవరు, రాత్రిపూట జ్వరమొచ్చిన పిల్లను ఆసుపత్రికి ఎత్తుకెళ్లిందెవరు, పొలం గట్టు తగాదాలో పెద్దమనుషుల ముందు నిలబడి మాట్లాడిందెవరు అని ఒక్కరూ అడగరు. అవి చెప్పండి. విజిల్ సంగతి కూడా మళ్లీ చెప్పండి.

చనిపోయినవాళ్లను తలుచుకుని నవ్వడం తప్పేమీ కాదు. డాకర్ కెల్ట్‌నర్, జార్జ్ బొనానో అనే సైకాలజిస్టులు 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. జీవిత భాగస్వామి పోయి సుమారు ఆరు నెలలైనవారిని కూర్చోబెట్టి, ఆ మనిషి గురించి చెప్పమన్నారు. చెబుతూ చెబుతూ మధ్యలో మనసారా నవ్వినవాళ్లలో బాధ తీవ్రత తక్కువగా కనిపించింది. మన దగ్గర ఇది కొత్త సంగతా? పెత్రమాస నాడు పొద్దున పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తాం. ఆ సాయంత్రమే వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. మీ మేనత్త కూడా ఎన్నోసార్లు ఆడే ఉంటుంది. అయినా ఆమెతో వాదం పెట్టుకోకండి. మీ బాపు లేచి వెళ్లిపోవడం చూసి ఆమె ప్రాణం ఉసూరుమని ఉంటుంది, ఆ కోపం మీ మీద చూపించింది.

ఇక బాపు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆయన లేచి వెళ్లిపోవడమే. మీరు చెప్పిన కథలో ఆయన లేరు, ఆయన టోపీ మాత్రమే ఉంది. జవానుకు ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు, మధ్యలో కొన్ని రోజులు క్యాజువల్ లీవ్. పీస్ పోస్టింగ్ (సరిహద్దు విధులు లేని చోట ఉద్యోగం) వచ్చి క్వార్టర్స్ దొరికితేనే భార్యాపిల్లలు వెంట ఉండేది. ఫీల్డ్‌కు వెళితే వాళ్లు మళ్లీ ఊరికే. మీకు అమ్మ పన్నెండు నెలలూ దొరికింది, ఆయనకు సెలవుల్లోనే దొరికింది. మీరంతా నవ్వుతుంటే, తాను చూడని రోజులు ఎన్నో ఆయన లెక్క చూసుకుంటూ ఉండి ఉంటారు.

కాబట్టి ఆయన ఉన్న కథలు అడగండి. నలుగురిలో వద్దు. పొద్దున చాయ్ తాగేటప్పుడు చిన్న ప్రశ్న వేయండి. "అమ్మను మొదటిసారి క్వార్టర్స్‌కు తీసుకుపోయినప్పుడు కాజీపేటలో ఏ రైలెక్కిన్రు బాపూ? వెంట ఏమేం సర్దుకున్నది?" అని. పచ్చడి జాడీ రైల్లో పగిలిందో, బెర్తు కోసం ఎవరితోనైనా గొడవపడిందో, ఏదో ఒకటి ఉంటుంది. ఆయన మాట్లాడకపోతే వదిలేసి, ఇంకో రోజు ఇంకోటి అడగండి. క్వార్టర్స్‌లో పక్కింట్లో ఉన్న ఆంటీల నంబర్లు దొరికితే ఫోన్ చేసి ఆయనకే ఇవ్వండి. తోటి జవాన్ల భార్యల దగ్గర మీ అమ్మ మీకు తెలియని మనిషి అయి ఉండొచ్చు.

నోటుబుక్కును మాత్రం బంధువుల ముందు చదవకండి. ఆమె ఎవరికీ వినిపించడానికి రాసుకోలేదు. అలాంటిది ఒకటి ఉందని ముందు బాపుకు ఒంటరిగా చెప్పండి. చదవాలా, వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆ రాత్రుల్లో మోగని ఫోన్‌కు అవతల ఉన్నది ఆయనే కదా. చదివి ఏడిస్తే పక్కన కూర్చోండి, సర్దిచెప్పకండి.

ఆయన నిద్ర, తిండి ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. ఏడాది కావస్తున్నా రాత్రిళ్లు మేలుకునే ఉంటున్నా, మనుషులను తప్పించుకుంటున్నా, 'నేనెందుకు బతికి' అన్న మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకండి. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో చెబితే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కార్డు సంగతికొస్తే, అమ్మ మరణాన్ని పింఛను రికార్డులోనూ ఈసీహెచ్‌ఎస్‌లోనూ నమోదు చేయించక తప్పదు. కానీ ఆ పని బాపు మీద పెట్టకండి. మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని మీరో మీ తమ్ముడో పాలీక్లినిక్‌కు వెళ్లి ఏమేం కావాలో కనుక్కోండి. పింఛను కాగితాల గురించి సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. సంతకాలకు మాత్రం ఆయనను అడగండి. కార్డు ఇచ్చేసే ముందు దానికి రెండు వైపులా కలర్ జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి ఆయన చేతికివ్వండి. పర్సులో సరిపోయే సైజులోనే తీయించండి.