ఇంక్‌స్కేప్ నేర్చుకుంటున్న మా మేనకోడలికి

బిడ్డా,

నువ్వు కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నావని, పెండ్లి పత్రికలు, షాపు బోర్డుల డిజైన్లు ఒప్పుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నీ మేనకోడలికి నీ పిచ్చే అంటుకుంది అన్నా" అన్నది. నాకు కడుపు నిండినట్టయింది. హన్మకొండ చౌరస్తాలో నిచ్చెనెక్కి బోర్డులు రాసినంత కాలం మనింట్లో ఎవరూ దాన్ని ఉద్యోగం కింద లెక్కకట్టలేదు. ఇప్పుడు డిగ్రీ చదివిన పిల్ల అదే పనికి వస్తానంటున్నది. కానీ సంతోషం వెనకాలే టెన్షన్ కూడా వచ్చింది. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే మామా, సరే మామా" అంటావు, పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో కోరెల్‌డ్రా, అదే కొనుక్కోవాల్సిన డిజైన్ సాఫ్ట్‌వేర్, వేసిస్తానన్నారట, తీసుకోకు. దొంగ కాపీతో పాటు వైరస్ వస్తుంది, రేపు నీ కస్టమర్ల ఫైళ్లన్నీ పోతాయి. నువ్వు నేర్చుకుంటున్న ఇంక్‌స్కేప్ కూడా అలాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరే, కానీ ఉచితం. 2003 నుంచి ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి దాన్ని తయారు చేస్తున్నారు. అది సేవ్ చేసే ఎస్‌వీజీ ఫైలు ఏ కంపెనీ సొత్తూ కాదు, మామూలు బ్రౌజర్‌లో కూడా తెరుచుకుంటుంది. ఫ్రీగా వచ్చింది కదా, తక్కువదేమో అని చిన్నచూపు చూడకు. పెన్ టూల్, నోడ్లు (గీత మీద పడే చుక్కలు), వంపులు ఇందులో ఒంటబడితే కోరెల్‌డ్రాలో గానీ ఇలస్ట్రేటర్‌లో గానీ కూర్చున్న కొద్ది రోజులకే చెయ్యి తిరుగుతుంది. అన్నిటి లోపలా ఉన్నది ఒకే వంపు. 1960లలో ఫ్రాన్స్‌లో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియెర్ బెజియే, కారు బాడీ వంపుల కోసం వాడిన లెక్క అది. అందుకే దాన్ని బెజియే కర్వ్ అంటారు.

సేవ్, అన్‌డూ, జూమ్, గ్రూపు నీకు నేను చెప్పేదేముంది. లేయర్లకు, అంటే ఒకదానిమీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలకు, పేర్లు పెట్టుకో. మధ్యకు తేవాలంటే కంటి అంచనాతో జరపకు, కంట్రోల్ షిఫ్ట్ ఎ కొట్టి అలైన్ బాక్స్‌తో జరుపు.

వంపు దగ్గర మాత్రం తొందరపడకు. బి నొక్కితే పెన్ టూల్ వస్తుంది. ఊరికే క్లిక్ చేస్తే సూటి గీత, క్లిక్ చేసి లాగితే వంపు. లాగినప్పుడు నోడ్‌కు రెండు వైపులా పొడుచుకొచ్చే పుల్లలే హ్యాండిళ్లు. పుల్ల ఎటు చూస్తే గీత అటు బయలుదేరుతుంది, పుల్ల ఎంత పొడుగుంటే గీత అంత దూరం ఆ దిక్కునే పోయి తర్వాత తిరుగుతుంది. ఈ ఒక్కటి వేళ్లకు తెలియాలి. దీనికి మంచి సాధన మన సున్న. గుండ్రాలు గీసిచ్చే ఎలిప్స్ టూల్ వాడకు, పెన్‌తోనే గీయి. పైన, కింద, ఎడమ, కుడి, నాలుగే నోడ్లు. కంట్రోల్ పట్టుకుని లాగితే హ్యాండిల్ అడ్డానికో నిలువుకో కుదురుగా నిలుస్తుంది. దాని పొడవు వ్యాసార్ధంలో సగం కంటే కొంచెం ఎక్కువ, 0.55 వంతు ఉంచు. నిండు వృత్తం వస్తుంది. తర్వాత ఎలిప్స్ టూల్‌తో ఇంకొకటి గీసి, పాత్‌గా, అంటే నోడ్లున్న గీతగా మార్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో.

సున్న కుదిరాక ర గీయి. ర కుదిరాక ఠ, తర్వాత ల, ఆ తర్వాత అ. వీడియోల్లో ఆపిల్ పండు, గుండె బొమ్మ గీయిస్తారు. మన అక్షరాల్లో ఉన్నన్ని వంపులు వాటిలో ఎక్కడున్నాయి? నాకు పని నేర్పిన పెద్దాయన కుంచె చేతికిచ్చే ముందు సుద్దముక్కతో నల్లరేకు మీద తలకట్టు ఒక్కటే దిద్దించేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తలకట్టే. నాకు ఏడుపొచ్చేది. కానీ తలకట్టు ఎక్కడ సన్నబడాలో, ఎక్కడ బరువు దిగాలో ఆ రోజుల్లోనే మణికట్టుకు తెలిసింది. ఇప్పుడు ఏ తెలుగు ఫాంటు చూసినా ముందు నా కన్ను తలకట్టు మీదికే పోతుంది.

నోడ్లు ఎంత తక్కువైతే వంపు అంత నున్నగా ఉంటుంది. గీత గరుకుగా, వణికినట్టు కనిపిస్తే ఇంకో నోడ్ పెట్టి సరిచేద్దామనుకుంటావు. పెట్టకు, ఉన్నవాటిలో ఒకటి తీసెయ్. నువ్వు వాట్సాప్‌లో పంపిన కాకతీయ తోరణం బొమ్మ చూశాను. ఫోన్‌లో ముచ్చటగానే ఉంది. కానీ అది నువ్వు గీసింది కాదు, ఫోటో పెట్టి ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టావు, ఫోటో నుంచి గీతలు యంత్రమే తీసింది. నాకు తెలియదనుకున్నావా? హంస మెడ చుట్టూ చీమలు బారులు తీరినట్టు నోడ్లుంటాయి, ఎన్ నొక్కి నోడ్ టూల్‌తో చూడు. రేపు ఎవరైనా ఆ మెడ కొంచెం వంచమంటే ఏం చేస్తావు? ఆ తోరణమున్న వరంగల్ కోట అక్కడే ఉంది కదా, బస్సెక్కితే గంట కూడా పట్టదు. పోయి తోరణం ముందు నిలబడు, ఒక కాగితం మీద పెన్సిలుతో గీసుకో. తర్వాత ఆ కాగితాన్ని ఫోటో తీసి, అడుగు లేయర్‌లో పెట్టి తాళం వేసి, పై లేయర్‌లో పెన్ టూల్‌తో దిద్దు. సగమే గీస్తే చాలు. కంట్రోల్ డితో ఇంకో కాపీ తీసి, హెచ్ నొక్కితే అది అద్దంలోలా అటు తిరుగుతుంది, పక్కకు జరుపు. రెండు సగాలనూ కంట్రోల్ కెతో కలిపి, మధ్యలో కలిసే నోడ్లను జోడించు. కోపంతో రాయడం లేదు బిడ్డా. నీ చేతిలో గీత ఉంది, చిన్నప్పుడు మీ వాకిట్లో నువ్వు వేసిన ముగ్గులు చూసినవాణ్ణి. ఆ చేతిని యంత్రానికి అప్పజెప్పకు.

ఇప్పుడు అసలు సంగతి. మిగతావన్నీ మరిచిపోయినా సరే, ఇది మాత్రం మరవకు.

మా షాపులో ఒక పిల్లగాడు పనిచేసేవాడు, చురుకైనవాడు. యూనికోడ్ తెలుగు ఫాంట్లు, అంటే కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించేవి, అప్పుడప్పుడే షాపుల్లోకి వస్తున్నాయి. అంతదాకా మా పనంతా అను అనే పాతరకం ఫాంట్లతోనే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపించేవి. అది నయం, తప్పు జరిగిందని వెంటనే తెలిసిపోయేది. ఒక పెండ్లి పత్రిక పని వచ్చింది. పిల్లగాడు కొత్త ఫాంటుతో చక్కగా చేశాడు, అక్షరాలన్నీ కర్వ్స్ చేసి పెట్టాడు, అంటే ఫాంటు లేకున్నా చెదరకుండా వాటిని గీసిన బొమ్మలుగా మార్చాడు. ప్రెస్‌కు పంపే వేళకు పెండ్లివాళ్ల ఫోన్. అమ్మాయి పేరు పొట్టిగా పడింది, చివర లక్ష్మి అని చేర్చమన్నారు. వాడు ఆ ఒక్క లైనూ తీసేసి కొత్తగా టైపు చేశాడు, సేవ్ కొట్టాడు, మెయిల్ పెట్టాడు. ఆ లైనును మాత్రం కర్వ్స్ చెయ్యలేదు.

ప్రెస్‌లో సాఫ్ట్‌వేర్ పాతది. వత్తులు కలపడం దానికి రాదు. పత్రిక మొత్తం బాగానే ఉంది, దేవుడి బొమ్మ, ముహూర్తం, విందు, అన్నీ. చి.ల.సౌ. పక్కన మాత్రం క మీద పొల్లు, దాని పక్కన ష మీద పొల్లు, ఆ పక్కన మి. విడివిడిగా మూడు ముక్కలు. ప్రెస్ ఆపరేటర్ చూసుకోలేదు, ప్లేటు వేసి కొట్టేశాడు. పెండ్లివాళ్లు కట్ట విప్పి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పంచడం మొదలుపెట్టాక ఎవరో చుట్టం చూసి అడిగాడట, ఇదేం పేరని.

అమ్మాయి తాతగారు షాపుకు వచ్చారు. గొడవ పెట్టుకుంటారనుకుని పిల్లగాడు లోపలికి పోయాడు. ఆయన అరవలేదు. కొత్తవి కొట్టించి ఇస్తాం, ఖర్చు మాదే అన్నాను. "కొట్టించండి. కానీ వీటికి పసుపు పెట్టాం, పారేయకూడదు" అని చేతిసంచిలోంచి ఒక కట్ట తీశారు. నల్ల పెన్ను అడిగారు. బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్క పత్రిక తీసి, ఆ మూడు ముక్కల మీద సన్నగా గీత కొట్టి, పైన క్ష్మి అని రాశారు. పొలం పని చేసిన చెయ్యి, వేళ్లు సరిగ్గా వంగవు. ప్రతి క్ష్మికీ వత్తు ఎంతో శ్రద్ధగా, కొక్కెం తిప్పి మరీ రాశారు. నేను టీ తెప్పిస్తే తాగారు, మళ్లీ రాశారు. మనవరాలి పేరు అలా విరిగిపోయి ఊరంతా తిరగడం ఆయనకు ఇష్టం లేదు. పిల్లగాడు లోపలి నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుని పత్రికలు అందిస్తూ పోయాడు. వాడు ఇప్పుడు వేరే ఊళ్లో సొంత షాపు పెట్టుకున్నాడు. ఏ ఫైలు పంపినా ముందు నాలుగుసార్లు చూస్తానని ఇప్పటికీ అంటాడు.

అందుకని ఇలా చెయ్యి. అసలు ఫైలు వేరు, పంపే ఫైలు వేరు. అసలు ఫైలులో అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి, ఎందుకంటే రేపు మార్పులు చెబుతారు. పంపేముందు దానికి కాపీ తీసి, పేరు చివర కర్వ్స్ అని చేర్చు. ఆ కాపీలో అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ సి, అంటే ఆబ్జెక్ట్ టు పాత్. ఇక్కడ ఇంకో గుంట ఉంది. కంట్రోల్ ఎ కొడితే నువ్వున్న లేయర్‌లోవి మాత్రమే సెలెక్ట్ అవుతాయి. అన్ని లేయర్లూ కావాలంటే కంట్రోల్ ఆల్ట్ ఎ. అది కూడా తాళం వేసిన లేయర్లను, దాచిన లేయర్లను ముట్టుకోదు. తాళాలన్నీ తీసి అప్పుడు కొట్టు. చివర్లో మార్పు ఒక్క అక్షరమే అయినా సరే, అసలు ఫైలులో మార్చి, మళ్లీ కొత్త కాపీ తీసి, మొదటి నుంచి చెయ్యి. తర్వాత పీడీఎఫ్ తీసి, నీ లాప్‌టాప్‌లో కాదు, మీ అమ్మ ఫోన్‌లో తెరిచి చూడు. పేర్లను కంటితో చదవకు, పైకి చదువు. పెండ్లివాళ్లు "ఓకే" అని మెసేజ్ పెట్టేదాకా ప్రెస్‌కు పంపకు. దశదిన కర్మ కార్డులైతే ఇంకా జాగ్రత్త, దుఃఖంలో ఉన్నవాళ్లు సరిగ్గా చూడరు. వాళ్ల తరఫున నువ్వే చూడాలి.

పాత్ చేశాక ఇంకొక పని. బోర్డులకు, బండి నంబర్లకు వినైల్ కటింగ్, అంటే స్టిక్కర్ షీటును అక్షరాల ఆకారంలో కోయడం, అడుగుతారు. మిషన్ బ్లేడు గీత ఎక్కడుంటే అక్కడ కోసుకుంటూ పోతుంది. తెలుగులో వత్తు అక్షరం మీదికి ఎక్కినచోట, తలకట్టు కలిసినచోట గీతలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, స్క్రీన్ మీద కనిపించవు. బ్లేడు రెండింటినీ కోస్తే అక్షరం ముక్కలవుతుంది. ముందు అన్‌గ్రూప్ చేసి, ఒక్కొక్క అక్షరాన్నీ దాని వత్తుతో కంట్రోల్ ప్లస్ కొట్టి యూనియన్ చెయ్యి. వ్యూ మెనూలో అవుట్‌లైన్ మోడ్ పెట్టి చూస్తే ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది. బార్డర్ గీతలుంటే వాటిని కూడా స్ట్రోక్ టు పాత్ కొట్టి, మందమున్న ఆకారాలుగా మార్చు.

రంగుల విషయానికొస్తే, స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ, నారింజ కాగితం మీద మసకబారతాయి. స్క్రీన్ వెలుతురుతో చూపిస్తుంది, ప్రెస్ నాలుగు ఇంకులతో కొడుతుంది. కస్టమర్‌కు ముందే చెప్పు, ఒక ముక్క ప్రింటు తీసి చూపించు.

మీ బాపు మగ్గం కోసం జంపఖానా డిజైన్లు కూడా గీస్తావట. ఇది విని నాకు పత్రికల కంటే ఎక్కువ ఆనందమైంది. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో ఇవి ఈ ప్రాంతపు సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది. వరంగల్‌లోని కొత్తవాడ నేతను దేశమంతా మెచ్చుకుంది గానీ, డిజైన్ ఇంకా గ్రాఫు కాగితం మీదే తిరుగుతున్నది. గ్రిడ్ ఆన్ చేసుకుని ఒక్క పువ్వు గీయి, ఆల్ట్ డితో క్లోన్లు తీసి పరుచు. మొదటి పువ్వు మారిస్తే అన్నీ మారతాయి. మీ బాపు పక్కన కూర్చుని రంగులు అడిగి మార్చు. ఏ రంగు నూలు పక్కన ఏది నిలుస్తుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఆయనకు తెలుసు.

ఇక నా భయాలు. మేడారం జాతర వచ్చే ఏడు ఫ్లెక్సీల కోసం రాత్రిళ్లు ఫోన్లు మోగుతాయి, పొద్దటికల్లా కావాలంటారు. అన్నీ ఒప్పుకోకు. సగం అడ్వాన్సు లేకుండా మౌస్ పట్టుకోకు, చుట్టాలైనా సరే. ఆడపిల్ల కదా, మొహమాటపడుతుందని గీచి గీచి బేరమాడేవాళ్లుంటారు. రేటు ఒక్కసారి చెప్పు, తగ్గించకు. గంటకోసారి లేచి దూరంగా ఏదైనా చెట్టును చూడు. నిచ్చెన మీద ఎండలో రాసిన నా కళ్లకంటే, చీకటి గదిలో స్క్రీన్ చూసిన నా తోటివాళ్ల కళ్లు ముందు దెబ్బతిన్నాయి.

ర అక్షరం కుదిరాక ఫైలు నాకు పంపు. స్క్రీన్‌షాట్ వద్దు, ఎస్‌వీజీయే పంపు, నోడ్లు లెక్కపెడతాను. మీ బావ కంప్యూటర్‌లో నేనూ ఇంక్‌స్కేప్ వేయించుకున్నాను. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద మాత్రం పెన్ టూల్ నేర్చుకోకు, చెయ్యి పాడవుతుంది. మంచి మౌస్ ఒకటి కొనుక్కో. డబ్బులు మీ అమ్మకు ఫోన్‌పే చేశాను, అడిగి తీసుకో. ఆమె ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ
కరీంనగర్