క్వారీలో గేర్‌బాక్సులు విప్పే కుర్రాడు హెలికాప్టర్ గేర్‌బాక్స్ పని నేర్చుకోగలడా?

మీ తమ్ముడు ఒంగోలులో మెకానికల్ డిప్లొమా చేసి, చీమకుర్తి క్వారీలో పొక్లెయిన్ గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్నాడని రాశారు. హెలికాప్టర్ రోటర్ (పైన తిరిగే రెక్కలు), ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని రోటర్‌కి చేర్చే గేర్లు) పనిలోకి వెళ్లగలడా, అక్కడ పరీక్షలో ఏం చూస్తారు అని అడిగారు. వెళ్లగలడు. మాది కావలి. ఎయిర్‌ఫోర్స్‌లో ఎంఐ-17 హెలికాప్టర్ల మీద పనిచేశాను. చివర్లో కొత్త కుర్రాళ్లకు నేర్పడం, వాళ్లకు పరీక్ష పెట్టడం నా డ్యూటీ.

దారులు రెండున్నాయి. ఒకటి ఎయిర్‌ఫోర్స్. ఇప్పుడు అగ్నివీర్‌గానే చేరాలి, వయసు పరిమితి గట్టిగా ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. రెండోది సివిల్ వైపు, పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు. టర్బైన్ ఇంజిన్ హెలికాప్టర్లకు బీ1.3 అనే కేటగిరీ ఉంది. అందులో మాడ్యూల్ 12 అనే పేపరు మొత్తం హెలికాప్టర్ గురించే. ఈ లైసెన్సు హెలికాప్టర్ దగ్గర నిలబడి, పని సరిగ్గా అయింది, ఎగరొచ్చు అని సంతకం పెట్టడానికి. గేర్‌బాక్సును వర్క్‌షాపుకి తెచ్చి విప్పి రిపేరు చేసేవాళ్లకు మాత్రం ఆ వర్క్‌షాపు సంస్థే శిక్షణ ఇచ్చి, పరీక్షించి, ఫలానా పని వరకు అని అధికారం రాసి ఇస్తుంది. మీరు అడిగింది ఈ వర్క్‌షాపు పని గురించి.

క్వారీ అనుభవం పనికొస్తుంది. గేరు పళ్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు అతని చేతికి అలవాటే. కానీ ఒక అలవాటు మానుకోవాలి. క్వారీలో బండి ఆగితే ఓనర్‌కి నష్టం, అందుకే ఎలాగోలా బిగించి నడిపించేవాడే మంచి మెకానిక్. ఎంఐ-17లో ఇంజిన్ నుంచి నిమిషానికి 15,000 చుట్ల వేగంతో వచ్చే శక్తిని మెయిన్ గేర్‌బాక్స్ 192 చుట్లకు దించి అయిదు బ్లేడ్ల రోటర్‌ని తిప్పుతుంది. గాల్లో ఉండగా అది బిగుసుకుపోతే పైలట్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే ‘సరిపోతుందిలే’ అనే మాట అక్కడ చెల్లదు. బేరింగ్‌ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టడం కుదరదు, మాన్యువల్‌లో చెప్పినంత వేడి చేసి జారనివ్వాలి. ఎంత బిగించామో కొలిచి చూపే టార్క్ రెంచ్‌కి కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) గడువు దాటితే ఆ రెంచ్ ముట్టుకోకూడదు. గేరు పళ్లకు నీలం రంగు పూసి తిప్పి, ఆ మరక పంటి మధ్యలో పడిందా, అంచుకు జరిగిందా అని చూసి షిమ్‌లు (సందు సరిచేసే సన్నని రేకులు) మార్చాలి. ఈ మరక చదవడం పుస్తకంతో రాదు, పాతవాళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే.

ఇక పరీక్ష. రాతపరీక్ష ఉంటుంది, లైసెన్సు పేపర్లలో పాసవ్వాలంటే 75 శాతం రావాలి. కష్టపడి చదివితే వస్తాయి. అసలు మనిషి తేలేది ప్రాక్టికల్‌లో. నేను ఎక్కువగా చిప్ డిటెక్టర్ ప్లగ్గు చేతికిచ్చేవాణ్ణి. గేర్‌బాక్స్ ఆయిల్లో తిరిగే ఇనుప రజనును పట్టుకునే అయస్కాంతం అది. ఒక కుర్రాడు అందుకోగానే గుడ్డతో తుడిచేసి ‘క్లీన్ సార్’ అన్నాడు. చేతి పని బాగానే వచ్చు, అయినా ఫెయిల్ చేశాను. ఆ రజనే కదా సాక్ష్యం! ఇంకొక కుర్రాడు తెల్ల కాగితం పరిచి, ప్లగ్గుకు అంటుకున్నదంతా దాని మీదకు దించి, భూతద్దం పెట్టి చూశాడు. నల్లటి సన్నటి నూగు మామూలు అరుగుదలే. అందులో ఒక్క పెచ్చు మాత్రం మెరుస్తోంది. ‘పోయినసారి చెక్ చేసిన రికార్డు చూపిస్తారా సార్?’ అని అడిగాడు. చేయి నెమ్మదైనా అతన్ని పాస్ చేశాను.

నేను పట్టుబట్టింది ఊరికే కాదు. 2009 ఏప్రిల్ 1న స్కాట్లండ్ తీరంలో సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి 16 మంది చనిపోయారు. గేర్‌బాక్స్‌లోని ఒక ప్లానెట్ గేరు (మధ్య గేరు చుట్టూ తిరిగే చిన్న గేరు) అలసట పగులుతో, అంటే పదేపదే భారం పడి వచ్చే పగులుతో, విరిగింది. వారం ముందు, మార్చి 25న, ఆ గేర్‌బాక్స్ చిప్ డిటెక్టర్ మీద ఒక పెచ్చు దొరికింది. మెయింటెనెన్స్ వాళ్లు తయారీదారుతో ఫోన్లో, ఈమెయిల్‌లో మాట్లాడారు కూడా. ఒకరు చెప్పింది ఇంకొకరు వేరేలా అర్థం చేసుకోవడంతో అసలు చేయాల్సిన తనిఖీ జరగలేదు. 2016లో నార్వేలో అదే కుటుంబానికి చెందిన హెచ్225 హెలికాప్టర్ ఇలాగే ప్లానెట్ గేరు విరిగి కూలింది, 13 మంది పోయారు. ఈసారి పగులు లోహం లోపల్లోపలే పాకడంతో చిప్ డిటెక్టర్ ముందుగా హెచ్చరించలేదు. అందుకే ప్లగ్గు శుభ్రంగా ఉంటే చాలు అనుకునేవాణ్ణి కూడా నేను ఒప్పుకోను. భాగం ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పారు అన్న లాగ్ కార్డు చదవగలగాలి. సందేహం వస్తే పని ఆపి, రాతపూర్వకంగా పైవాళ్లకు చెప్పగలగాలి. మన వైపు కుర్రాళ్లు పెద్దవాళ్లకు ఎదురు చెప్పడానికి జంకుతారు. ఈ పనిలో ఆ మొహమాటం పోగొట్టడానికే నాకు ఎక్కువ సమయం పట్టేది.

మీ తమ్ముడు ఇప్పుడే మొదలుపెట్టాల్సినవి కొన్ని చెబుతాను. మాన్యువళ్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, రోజూ ఒక పేజీ చదివి అర్థం రాసుకోమనండి. క్వారీలో విప్పిన ప్రతి గేర్‌బాక్స్‌కూ ఏం చూశాడు, ఏం మార్చాడు అని నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయడం అలవాటు చేసుకోమనండి. కళ్ల పరీక్ష ముందే చేయించండి. పగుళ్లు వెతికే పనికి దగ్గరి చూపు, రంగుల గుర్తింపు రెండూ చూస్తారు. ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్) కోర్సుకి ఫీజు కట్టే ముందు ఆ సంస్థకు డీజీసీఏ ఆమోదం హెలికాప్టర్ల బీ1.3కి ఉందా, విమానాల బీ1.1కి మాత్రమే ఉందా అన్నది డీజీసీఏ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోండి. బ్రోషర్‌ని నమ్మి డబ్బు కట్టొద్దు.