ఏడాది ఆగితే అమ్మాయి మనసు మారుతుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, జూన్‌లో హైస్కూల్ అయిపోతుంది. ఏడేళ్ళప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, పన్నెండేళ్ళ దాకా కూచిపూడి చేసింది. పదో తరగతిలో పాట, డాన్స్, నటన కలిసిన స్కూల్ మ్యూజికల్‌లో చిన్న వేషం వేసినప్పటి నుంచి తనకు అదే లోకం. కాలేజీలో మ్యూజికల్ థియేటర్ చదువుతానని కిందటి ఆగస్టులో అడిగితే, "తైతక్కలాడటానికా ఇంత దూరం వచ్చింది" అని మావారు కోప్పడ్డారు. దాంతో కంప్యూటర్ సైన్స్‌కే అప్లై చేసింది. మంచి స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. మే 1 లోగా డిపాజిట్ కట్టాలి. ఇప్పుడు చేరనంటోంది. ఒక ఏడాది ఇంట్లో ఉండి తయారై, వచ్చే శీతాకాలం ఆడిషన్లకు వెళ్తానంటోంది. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుని నెల దాటింది. నిజం చెప్పాలంటే నాకు ఒప్పుకోవాలనే ఉంది. ఏడాది గడిస్తే ఈ పిచ్చి దానంతట అదే తగ్గుతుందేమోనని ఆశ. మా అత్తగారు గుడివాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఏ కాలేజీ అని అడుగుతున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఆశ దగ్గరే మొదలుపెడతాను. ఏడాది గడిస్తే ఈ ఇష్టం తగ్గుతుందనే ఆశతో మాత్రం గ్యాప్ ఇయర్ ఇవ్వకండి. అమ్మ నా వైపు ఉందని అమ్మాయి నమ్ముతుంది. అలసిపోయి తనే దారికొస్తుందని మీరు ఎదురుచూస్తుంటారు. డాన్స్ క్లాసుకు దింపేటప్పుడు, పాట టీచర్‌కు డబ్బు కట్టేటప్పుడు మీ ముఖంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ వయసు పిల్లలు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. ఇవ్వదలచుకుంటే ఆడిషన్లలో నెగ్గడానికి ఇవ్వండి. అలా ఇవ్వలేనంటే ఇప్పుడే కాదని చెప్పేయండి. ఆ కోపం కొన్నాళ్ళకు తగ్గుతుంది. అమ్మే నన్ను మభ్యపెట్టిందన్న బాధ అంత తొందరగా పోదు.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను. మీ అమ్మాయి విషయంలో ఈ ఏడాది ఇవ్వడమే మంచిదని నాకు అనిపిస్తోంది. ఆమె పట్టుబట్టిందని చెప్పడం లేదు. ఈ కోర్సుల్లో చేరే పద్ధతి అలాంటిది. మీ వారికి కూడా ముందు ఈ పద్ధతి తెలియాలి.

మ్యూజికల్ థియేటర్‌లో బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ ఇచ్చే కాలేజీల్లో, అంటే మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి, మీకు దగ్గర్లోని మాంట్‌క్లెయిర్ స్టేట్, రైడర్ లాంటి చోట్ల, మార్కులు బాగున్నంత మాత్రాన సీటు రాదు. చాలా కాలేజీలకు ముందు వీడియోలు పంపాలి. ఒకదానికొకటి పోలిక లేని రెండు పాటల ముక్కలు, ఒక్కోటి నిమిషం, నిమిషంన్నర, నాటకంలో ఒక్కరే మాట్లాడే ఒకటి రెండు మోనోలాగ్‌లు, కొంచెం డాన్స్. దీన్ని ప్రీస్క్రీన్ అంటారు. ఇది నెగ్గినవాళ్ళనే అసలు ఆడిషన్‌కు పిలుస్తారు. ప్రీస్క్రీన్లు ఎక్కువగా సెప్టెంబరు, డిసెంబరు మధ్య వెళ్ళిపోవాలి. ఆడిషన్లు చలికాలమంతా నడుస్తాయి. కాలేజీలోనో, ఆన్‌లైన్లోనో, లేదంటే చాలా కాలేజీల వాళ్ళు యూనిఫైడ్స్ పేరుతో న్యూయార్క్, షికాగో లాంటి నగరాల్లో ఒకేచోట కూర్చునో చూస్తారు. ఒక్కో కాలేజీ ఏటా తీసుకునేది ఇరవై మంది, అటూ ఇటూగా. పేరున్నచోట అప్లై చేసేవాళ్ళు వెయ్యి దాటతారు.

కాబట్టి మీ అమ్మాయి బద్ధకించి ఆలస్యం చేసిందేమీ లేదు. ఆగస్టులో ఇంట్లో కాదన్నారు, ఆ తర్వాత గడువులు దాటిపోయాయి. ఇప్పుడు ఆమెకు ఉన్నవి రెండు దారులు: ఏడాది ఆగడం, లేదా కంప్యూటర్ సైన్స్‌లో చేరి మధ్యలో మారడం. రెండోది మీ వారికి క్షేమంగా కనిపించవచ్చు. కానీ ఒకసారి డిగ్రీ చదువులో చేరితే చాలా కాలేజీలు ట్రాన్స్‌ఫర్ కిందే చూస్తాయి. కొత్తగా చేరే పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్‌లు అప్పుడు రాకపోవచ్చు. పైగా చాలా బీఎఫ్ఏ కోర్సుల్లో ఎవరు మారి వచ్చినా మొదటి సంవత్సరం నుంచే మొదలుపెట్టిస్తారు. మనసు లేని చోట ఒక ఏడాది ఫీజు కట్టి, మళ్ళీ నాలుగేళ్ళు చదివించడం కంటే ఇంట్లో ఉంచి ఏడాది నేర్పించడం ఖర్చులోనూ తక్కువే. లెక్కలు చూసుకునే మనిషికి ఈ లెక్క అర్థమవుతుంది.

ఇక ఆ ఏడాది దేనికి అన్నది చూద్దాం. గ్యాప్ ఇయర్ అందరికీ పనికిరాదు. ఏడాదిలో ఏం మారుతుంది అన్న ప్రశ్నకు స్పష్టంగా జవాబు ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. మీ అమ్మాయికి ఆ జవాబు ఉందని మీరు రాసినదాన్ని బట్టే తెలుస్తోంది.

పదేళ్ళకు పైగా సంగీతం నేర్చుకున్న పిల్లకు శ్రుతి, లయ గట్టిగా ఉంటాయి. విని పట్టుకోవడంలో ఇక్కడి పిల్లల్లో చాలామంది ఆమెకు సాటి రారు. కానీ అయిదు శ్రుతిలో నిండుగొంతుతో పాడే అలవాటు వేరు, ఈ పాటలు అడిగేది వేరు. పై స్థాయిలో తల గొంతుతో తేలిగ్గా పాడాలి, రెండు గొంతుల మధ్య అతుకు తెలియకుండా కలపాలి, అవసరమైన చోట బెల్ట్ చేయాలి, అంటే పై స్వరాలను కూడా నిండుగొంతు బలంతో పాడాలి. గమకం వేసే గొంతు నిలకడగా ఒకే స్వరాన్ని పట్టుకోవడం నేర్చుకోవాలి. పడమటి నొటేషన్ చూసి పాడటం రావాలి. ఇవి తొందరపెడితే వచ్చేవి కావు. యూట్యూబ్ చూసి ఎలా పడితే అలా బెల్ట్ చేస్తే స్వరతంత్రుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు, వచ్చే ప్రమాదం ఉంది. పాట నేర్పే గురువు విషయంలో రాజీపడకండి. కర్ణాటక సంగీతం మానేయమనే గురువు అక్కర్లేదు. ఉన్నదాన్ని కాపాడుతూ కొత్తది నేర్పేవాళ్ళను వెతకండి.

డాన్స్ అసలైన లోటు. పోటీకొచ్చే ఆడపిల్లల్లో చాలామంది చిన్నప్పటి నుంచి బాలే, ట్యాప్, జాజ్ చేసినవాళ్ళు. ఏడాదిలో వాళ్ళను అందుకోవడం జరగదు, ఆ మాట అమ్మాయికి ముందే చెప్పాలి. అయితే ఆడిషన్‌లో అప్పటికప్పుడు కొన్ని స్టెప్పులు నేర్పి ఎంత త్వరగా పట్టుకుంటుందో, తడబడితే ఎలా నిలదొక్కుకుంటుందో కూడా చూస్తారు. కూచిపూడిలో అడుగులు, జతులు గుర్తుపెట్టుకున్న శరీరానికి ఆ శక్తి పోదు. వారానికి మూడు నాలుగు బాలే, జాజ్ క్లాసులు ఏడాది పాటు చేస్తే కనీసం ఆ భాష తెలుస్తుంది. పేరు చెప్పగానే ఏ స్టెప్పో కాళ్ళకు తెలుస్తుంది. పెద్దల బిగినర్ క్లాసులో చేరడానికి చిన్నతనపడవద్దని చెప్పండి.

నటన గురించి ఎక్కువ రాయను. కమ్యూనిటీ థియేటర్‌లో ఏ వేషం దొరికినా వేయమనండి, నాటకాలు చదవమనండి. మోనోలాగ్ ఎంచుకోవడంలో స్కూల్ డ్రామా టీచర్ సాయం అడగవచ్చు.

ఒక హెచ్చరిక. ఈ ఆడిషన్ల చుట్టూ కోచింగ్ వ్యాపారం పెద్దది. నెలకు ఇంతని ప్యాకేజీలు అమ్ముతారు, మీ పాపకు ఖాయంగా వస్తుందంటారు. ఖాయంగా అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ముందు మీతో ఏ డబ్బు సంబంధమూ లేని ఒక వాయిస్ టీచర్‌కు, ఒక డాన్స్ టీచర్‌కు అమ్మాయిని చూపించండి. ఏడాదిలో ఎంత మారగలదో మొహమాటం లేకుండా చెప్పమనండి. వాళ్ళు చెప్పినది వినడానికి మీ వారిని కూడా తీసుకెళ్ళండి. ఇది మే 1 లోపే జరగాలి. వాళ్ళిద్దరూ ఆశ లేదంటే నా సలహా మార్చుకుంటాను. అప్పుడు అమ్మాయితో జరగాల్సిన మాట వేరు.

జూన్‌లోపు చేయాల్సిన పనులూ ఉన్నాయి. టీచర్లు తనను మరిచిపోకముందే రికమండేషన్ లెటర్లు అడగాలి. హైస్కూల్ అయిపోయాక కూడా స్కూల్ కౌన్సిలర్ కాగితాలు పంపాలి కాబట్టి ఆయనకో ఆమెకో ఇప్పుడే చెప్పి ఉంచాలి. గ్యాప్ ఇయర్‌లో కమ్యూనిటీ కాలేజీలో క్రెడిట్ ఉన్న కోర్సు తీసుకునే ముందు, అప్లై చేయబోయే ప్రతి కాలేజీనీ అడగాలి. కొన్నిచోట్ల ఒకటి రెండు కోర్సులకే ట్రాన్స్‌ఫర్ లెక్కలోకి వెళ్ళిపోతారు. ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం పెట్టే దరఖాస్తు ఫాఫ్సా వచ్చే ఏడాదికి మళ్ళీ నింపాలి. ఇన్సూరెన్స్ గురించి టెన్షన్ వద్దు, 26 ఏళ్ళ దాకా తల్లిదండ్రుల ప్లాన్‌లో ఉండవచ్చు.

ఇది చదివే వేరే తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు హెచ్4 వీసా (హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది) మీద ఉంటే ఈ సలహా యథాతథంగా వర్తించదు. హెచ్4 పిల్లలకు జీతం తీసుకుని పనిచేసే అనుమతి లేదు, 21 ఏళ్ళు నిండితే ఆ స్టేటస్ పోతుంది. ఒక ఏడాది ఆగితే డిగ్రీలో ఇంకో ఏడాది ఆ వయసు తర్వాతకు జరుగుతుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు మీ వారి సంగతి. ఆయన అన్న మాట కటువుగా ఉంది, కానీ దాని వెనక ఉన్న భయం నిజమైనదే. రంగస్థల నటుల యూనియన్‌లో సభ్యత్వం వచ్చినవాళ్ళలో కూడా చాలామందికి ఏడాది పొడవునా పని ఉండదు. ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటిన చోట్లు ఉన్నాయి. మన రంగు పిల్లకు ఏ వేషాలు ఇస్తారు అన్న బెంగ కూడా ఆయనకు ఉండే ఉంటుంది. పరిస్థితి మునుపటి కంటే మెరుగు, అయినా అందరితో సమానం అయిందని నేను చెప్పను. ఇవన్నీ అమ్మాయి వినాలి, కానీ తండ్రి నోటి నుంచి కోపం లేకుండా వినాలి. తైతక్క అన్న మాటను మాత్రం ఆయన వెనక్కి తీసుకోవాలి. మన కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక సమాజం వాళ్ళు తరతరాలుగా పాడుతూ, ఆడుతూ, నాటకమే బతుకుగా నిలబడ్డారు. వాళ్ళు ఎన్ని ఇబ్బందులు పడ్డారో కూడా మనకు తెలుసు. గౌరవం, కష్టం రెండూ ఉన్న పని ఇది. రెండూ తెలిసే మీ అమ్మాయి అడుగుతోందో లేదో ఆయనే కూర్చుని కనుక్కోవాలి.

మీరు మాత్రం ఇద్దరి మధ్య కబుర్లు మోయడం ఆపండి. "నాన్నకు చెప్పు", "దానికి చెప్పు" అని వాళ్ళంటే, మీరే చెప్పుకోండి అనండి. నెల రోజులుగా వాళ్ళ మౌనం సాగుతున్నదంటే మధ్యలో మీరు ఉండబట్టే. మీకు నిద్ర లేకపోవడానికి కూడా కారణం అదే అయ్యుండవచ్చు. ఈ వసంతంలో స్కూల్లో అమ్మాయి ప్రదర్శన ఏదైనా మిగిలి ఉంటే ఆయన్ని తీసుకెళ్ళండి. చూశాక ఏమనిపించిందని కారులో అడగవద్దు.

ముగ్గురూ కూర్చున్న రోజు ఒక ఒప్పందం కాగితం మీద రాసుకోండి. క్లాసులకు, అప్లికేషన్లకు, ప్రయాణాలకు మీరు పెట్టేది మొత్తం ఎంత. అందులో అమ్మాయి పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసి కట్టేది ఎంత. అప్పు ఎంత దాటితే సీటు వచ్చినా వద్దనుకుంటారు. అప్లై చేసే జాబితాలో బీఎఫ్ఏలు మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. ఆడిషన్ అవసరం లేని బీఏ థియేటర్ కోర్సులు కూడా ఉండాలి. వాటిలో రెండో మేజర్‌గా కంప్యూటర్ సైన్సో, ఎకనామిక్సో చదివే వీలు ఎక్కువ. మీ వారు తృప్తిపడే దారి కూడా అక్కడ దొరకవచ్చు. అన్ని చోట్లా కాదంటే వచ్చే మే నెలలో ఏం చేయాలన్నది ఇప్పుడే రాయాలి. ఇంకో గ్యాప్ ఇయర్ ఉండదని కూడా రాయాలి. పాటలో, ఆటలో లోటు లేకపోయినా, ఆ ఏడాది ఆ కాలేజీకి కావలసిన గొంతు, వయసు, రూపం వేరే అయితే కాదంటారు. పదిహేను చోట్ల పది కాదనడం ఇందులో మామూలే. అమ్మాయికే కాదు, మీ ఇద్దరికీ ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఆగస్టు చివర్లో స్నేహితులందరూ కాలేజీలకు వెళ్ళిపోతారు. అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాల్సిన రోజులు అవే. రోజూ ఒక వేళకు లేచి బయటికి వెళ్ళే పని తప్పకుండా ఉండాలి. అక్టోబరుకల్లా గది తలుపు మూసుకుని పడుకోవడం, క్లాసులు ఎగ్గొట్టడం, తిండి మానేయడం కనిపిస్తే ఆడిషన్ల మాట పక్కన పెట్టి డాక్టర్‌కో థెరపిస్టుకో చూపించండి.

అత్తగారికి, బ్రిడ్జ్‌వాటర్ గుడిలో అడిగేవాళ్ళకు ఒకటే జవాబు చాలు: "ఈ ఏడాది సంగీతం, డాన్స్ నేర్చుకుంటోందండి, కాలేజీలో వచ్చే ఏడాది చేరుతుంది." వివరణ ఇవ్వకండి, దాచకండి. అమ్మాయి ఎదుట ఆ మాట తలెత్తుకుని చెప్పండి.

ఇక మే 1 గడువు. వచ్చిన సీటును ఏడాది వాయిదా వేస్తారా అని యూనివర్సిటీకి ఈ వారమే ఈమెయిల్ రాయించండి. రాసేది అమ్మాయే అయితే మంచిది. వాయిదా ఇచ్చే కొన్ని చోట్ల, ఈలోగా వేరే కాలేజీలకు అప్లై చేయకూడదనే షరతు ఉంటుంది. స్కాలర్‌షిప్ నిలుస్తుందో లేదో కూడా అడగాలి. ఆ షరతు ఉంటే వాయిదా తీసుకుని చాటుగా ఆడిషన్లకు వెళ్ళడం వద్దు. సీటు వదులుకుని, వచ్చే ఏడాది మళ్ళీ అక్కడే కొత్తగా అప్లై చేయమనండి. మీ వారికి ఇది కష్టంగా ఉంటుంది. ఆ ఈమెయిల్‌కు జవాబు రాగానే ఆయనతో కలిసి చదవండి.