సీతాకోక చేప మేత ముట్టడం లేదు, ఏ మందు వేయాలి?

సందేహం: రొయ్యల చెరువు చేస్తున్నాను. పిల్లలు ముచ్చటపడ్డారని ఇంట్లో 150 లీటర్ల అక్వేరియం పెట్టి, కళింగపట్నం దగ్గర పట్టిన సముద్రపు నీటితో నింపాను. ఉప్పదనం 26 పి.పి.టి. (వెయ్యి పాళ్ల నీటిలో 26 పాళ్ల ఉప్పు) ఉంది. మర్నాడే రెండు సీతాకోక చేపలు వదిలాను. ఒకటి నాలుగో రోజు చనిపోయింది. రెండోది పది రోజులుగా గుళికల మేత ముట్టడం లేదు. తెల్లని ఒంటిపై బాణపు ములుకుల్లాంటి గీతలు, నల్లని తోకకు పసుపు అంచు ఉన్నాయి. ఏ మందు వేయాలి?
– ఒక రైతు, గార మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మందు ఏదీ వద్దు. మీరు చెప్పిన గుర్తులు కీటోడాన్ ట్రైఫాసియాలిస్ అనే రకానివి. సముద్రంలో ఆక్రోపోరా అనే రాతి పగడాలను కొరుక్కుతిని బతికే చేప అది. గుళికలు దాని దృష్టిలో మేతే కాదు. పోనీ పగడం తెచ్చి పెడదామంటే, రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉంది. అమ్మినవారు ఈ సంగతి ముందే చెప్పవలసింది. సన్నగా తరిగిన పచ్చిరొయ్య పెట్టి చూడండి కానీ ఆశ పెట్టుకోకండి. వెనక్కి తీసుకుంటే ఇచ్చేయండి.

మొదటి చేప చావుకు అమ్మోనియా కారణమై ఉండవచ్చు. చెరువుకు నీరు పెట్టిన మర్నాడే మీరు సీడు (రొయ్య పిల్లలు) వదులుతారా? తొట్టెలోనూ అంతే. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8కి పైనే ఉంటుంది కనుక అమ్మోనియా విషం మరింత చురుగ్గా పనిచేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా కొత్త చేప తేవద్దు. ఈలోగా ఉన్నదాని కోసం రోజూ ఐదో వంతు నీరు మార్చండి.

26 పి.పి.టి. వనామీ రొయ్యకు సరే, ఈ చేపలకు 33–35 కావాలి. వంశధార వరద కలిసే రోజుల్లో అక్కడి తీరపు నీరు పలచబడుతుంది. అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పుతో రోజుకు ఒకటి రెండు పి.పి.టి. చొప్పున పెంచండి. వంటుప్పు వద్దు. తొట్టెలో ఆవిరైపోయిన మేరకు మాత్రం క్లోరిన్ లేని మంచినీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కదా, సముద్రపు నీరే పోస్తూ పోతే ఉప్పదనం పెరిగి, వేసవిలో చెరువుకు పట్టే గతే తొట్టెకూ పడుతుంది.

మళ్లీ కొనాలనుకుంటే కనీసం 400 లీటర్ల తొట్టె ఉండాలి. సీతాకోక చేపల్లో కీటోడాన్ ఆరిగా కొంత తట్టుకుని బతికే మొండి రకం. దానికీ గీతలుంటాయి, పొరబడకండి: వెనుక భాగం పసుపుగా, వెన్ను రెక్క మీద సాధారణంగా నల్లచుక్క ఉంటుంది. దుకాణంలో మీ కళ్లెదుట మేత వేయించి, తింటేనే డబ్బు ఇవ్వండి. తెచ్చాక నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి, రోజుకు మూడుసార్లు కొద్దికొద్దిగా తరిగిన రొయ్య వేయండి. చెరువు గట్టున ఉన్న మీకు ఆ మేత కొనే ఖర్చు ఎలాగూ లేదు.