చదువులో ముందున్నవారికి కూడా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఇంటర్వ్యూ పిలుపులు ఎందుకు రావు?

సీఏ మొదటి ప్రయత్నంలోనే పూర్తిచేసి హైదరాబాద్‌లో ఆడిట్ ఉద్యోగం చేస్తున్నానని, కంపెనీల వాటాల జారీ, కొనుగోళ్లు, అమ్మకాలు నడిపించే ముంబయి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులకు ఏడాదిగా దరఖాస్తులు పెడుతున్నా ఒక్క పిలుపూ రాలేదని మీరు రాశారు. లోపం మార్కులదా, ఇంగ్లీషుదా అని అడిగారు. నేనూ సీఏనే. ముంబయిలో ఒక మధ్యస్థాయి మర్చంట్ బ్యాంకులో (ఇదే పని చేసే సంస్థలో) కొన్నేళ్లు పనిచేశాను, కొత్తగా వచ్చే దరఖాస్తులను తొలుత వడబోసే పని మా బృందంలో చాలాకాలం నామీదే ఉండేది. నేను చూసినంతలో ఆ రెండు కారణాల వల్ల పక్కన పెట్టిన దరఖాస్తులు చాలా తక్కువ.

ఎంసెట్ దగ్గర నుంచి సీఏ ఫైనల్ దాకా మనం పెరిగిన పద్ధతిలో ర్యాంకు వస్తే పిలుపు దానంతటదే వస్తుంది. ఈ రంగంలో ఎవరూ అలాంటి ఉమ్మడి జాబితా వేయరు. ఒక ఐపీఓ (కంపెనీ తొలిసారి ప్రజలకు వాటాలు అమ్మడం) మీదనో, ఒక కంపెనీ కొనుగోలు మీదనో పనిచేసే బృందంలో సాధారణంగా కొద్దిమందే ఉంటారు కాబట్టి ఖాళీలే అరుదు. పెద్ద బ్యాంకులు తమ ఖాళీల్లో అధిక భాగాన్ని ఐఐఎంల వంటి సంస్థల్లోనే నింపుకుంటాయి. అక్కడ జూన్ ప్రాంతంలో చేరిన విద్యార్థులకు దసరా, దీపావళి రోజుల్లోనే వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికలు జరుగుతాయి, ఏప్రిల్, మే నెలల్లో వారి పని నచ్చితే చదువు పూర్తికాకముందే ఉద్యోగం ఖాయమవుతుంది. అంటే మీకు ప్రకటన కనిపించే నాటికి ఆ వరుస చాలావరకు నిండిపోయి ఉంటుంది. కాలేజీ పేరును బట్టి తలుపు తెరుచుకోవడం న్యాయమని నేను అనను, కానీ అది ఉన్నమాట.

మధ్యస్థాయి సంస్థల తీరు వేరు. ఒక డీల్ నడుస్తుండగా ఎవరో రాజీనామా చేస్తారు, రెండు మూడు వారాల్లో మనిషి కావాలి, అప్పుడు మొదట వినిపించే మాట ‘మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా’ అన్నదే. వెబ్‌సైటు ద్వారా వచ్చిన దరఖాస్తుల వంతు ఆ తర్వాత వస్తుంది, అప్పుడు కూడా ఒక్కోదానికి నేను ఇవ్వగలిగినది నిమిషం లోపే. వాటిలో తొంభై శాతం పైగా మార్కులు, ఆడిట్ చేసిన కంపెనీల పేర్లు, ఫైనాన్షియల్ మోడలింగ్ (కంపెనీ రాబడి, లాభాల అంచనాలు కట్టడం) కోర్సు సర్టిఫికెట్, కష్టపడే తత్వం అన్న వాక్యంతో ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. ఈ మనిషికి రేపు ఒక పని అప్పగిస్తే చేయగలరా అన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరికేది కాదు.

ఒక అమ్మాయి మాత్రం దరఖాస్తుతో పాటు హైదరాబాద్‌కు చెందిన విజయ డయాగ్నోస్టిక్ మీద రెండు పేజీల నోట్ పంపింది. 2021 సెప్టెంబరులో వచ్చిన ఆ సుమారు 1,895 కోట్ల ఐపీఓ పూర్తిగా పాత వాటాదారుల అమ్మకమేనని, కంపెనీ ఖాతాలోకి రూపాయి కూడా రాలేదని మొదటి వాక్యంలోనే రాసింది. ఆపైన డాక్టర్ లాల్ పాథ్‌ల్యాబ్స్, మెట్రోపోలిస్‌లతో పోలుస్తూ, రక్తపరీక్షల మీదే ఎక్కువగా నడిచే ఆ రెండింటికీ, ఎంఆర్‌ఐ, సీటీ యంత్రాలు కూడా నడిపే విజయకూ ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) ఒక్కటే చూసి విలువ కడితే తప్పుదోవ పడతామని, యంత్రాల తరుగుదల తీసేశాక మిగిలే లాభాన్ని కూడా దానితో పాటు చూడాలని చెప్పింది. ఆమె మార్కులు నాకు గుర్తులేవు. పిలవాలా వద్దా అన్న చర్చే లేకుండా ఆమెను పిలిచాం.

ఇక హైదరాబాద్‌లో ‘ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ ఆపరేషన్స్’ అన్న పేరుతో వచ్చే ఉద్యోగాలను, వాటి కోసమంటూ లక్షలు తీసుకునే కోర్సులను జాగ్రత్తగా చూడండి. అవి ఎక్కువగా లావాదేవీల సెటిల్‌మెంట్, కేవైసీ పనులు. గౌరవమైన ఉద్యోగాలే, అయితే డీల్ బృందంలోకి అవి దారి చూపడం అరుదు. మీలాంటి ఆడిటర్‌కు దగ్గరి దారి పెద్ద అకౌంటింగ్ సంస్థల్లోని డ్యూ డిలిజెన్స్ (కొనబోయే కంపెనీ లెక్కల లోతైన పరిశీలన) లేదా వాల్యుయేషన్ (కంపెనీకి విలువ కట్టడం) బృందం. అక్కడ బ్యాంకర్లు మీతో రోజూ ఫోన్లలో మాట్లాడతారు, మీ నివేదికలు చదువుతారు, పైన చెప్పిన ‘తెలిసినవాళ్లు’ అన్న మాటలోకి మీరు చేరేది అలాగే.

ఈలోగా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే ఆఫర్ పత్రాల్లో (ఐపీఓకు వచ్చే కంపెనీ తన వివరాలన్నీ చెప్పే పత్రాల్లో) ఒకటి తీసుకుని నోట్ రాయండి. ఫార్మా తెలుసన్నారు కాబట్టి 2020 నవంబరు నాటి గ్లాండ్ ఫార్మా పత్రం మీకు సరిపోతుంది: అందులో కొత్త వాటాల జారీ, పాత వాటాదారుల అమ్మకం రెండూ ఉన్నాయి. మీరు ఆడిట్ చేసిన కంపెనీని మాత్రం ఎంచుకోకండి. మీరు రాసిన అంకెలన్నీ బహిరంగంగా దొరికేవే అయినా, క్లయింటు రహస్యాలను వాడుకునే మనిషేమో అన్న అనుమానం వస్తే ఆ దరఖాస్తును అక్కడే మూసేస్తారు.