క్లాస్ లీడర్‌ని పోలీసుని చేయకండి

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా బళ్లో ఏటా ఎక్కువ మార్కులొచ్చిన పిల్లల్నే క్లాస్ లీడర్లుగా, బడి మొత్తానికి లీడర్ అయిన ఎస్పీఎల్‌గా పెడుతున్నాం. మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం తప్ప వాళ్లకి వేరే పనేం ఉండట్లేదు, దాంతో మిగతా పిల్లలు వాళ్లని దూరం పెడుతున్నారు. స్వపరిపాలన దినోత్సవం నాడు అందరూ ఉత్సాహంగా చేస్తారు, మర్నాటికి మళ్లీ మామూలే. పిల్లల్లో నిజంగా నాయకత్వం పెరగాలంటే ఏం చేయాలి?
– ఒక టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ పేర్లు రాయించడం ఆపేయండి. పన్నెండేళ్ల పిల్ల చేతికి చాక్‌పీస్ ఇచ్చి తోటివాళ్ల మీద కన్నేసి ఉంచమంటే ఆ పిల్లకి వచ్చేది చాడీలు చెప్పడం, మిగతావాళ్లకి వచ్చేది పేరు రాయకుండా ఉండటానికి ఆమెని బతిమాలడం. మీరు బయటికి వెళ్లాల్సి వస్తే బోర్డు మీద ఏదైనా పని ఇచ్చి వెళ్లండి, కాస్త గోల అయితే అవనివ్వండి.

ఇక మార్కుల సంగతి. మార్కులొచ్చే పిల్లలు మంచి లీడర్లు కావచ్చు, కాకపోవచ్చు, రెంటికీ సంబంధం లేదు. ఎన్నిక పెట్టండి. చేతులు ఎత్తించొద్దు, చీటీల మీద రహస్యంగా ఓటు వేయించండి, ఎందుకంటే చేతులెత్తమంటే పిల్లలు పక్కవాళ్లని చూసి ఎత్తుతారు. నిలబడ్డవాళ్లు ప్రేయర్‌లో రెండు నిమిషాలు మాట్లాడాలి, గెలిస్తే చేయగలిగిన ఒక్క పని చెప్పాలి. నామినేషన్లు, ఉపసంహరణ, పోలింగ్ ఏజెంట్లు, వేలికి ఇంకు, ఓట్ల లెక్కింపు అన్నీ పిల్లలే చూసుకోవాలి. మీరు సోషల్ టీచర్ కాబట్టి ఎన్నికల పాఠం కూడా అందులోనే అయిపోతుంది.

అయితే ఎన్నికతో ఆగిపోతే లాభం లేదు, బడి మొత్తానికి పదిమందికి బ్యాడ్జీలు వస్తాయి, మిగతా పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ప్యాట్రోల్ (చిన్న జట్ల) పద్ధతి ఉంది చూడండి, నాకు అది చాలా నచ్చుతుంది. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు, వాళ్లలోనే ఒకరు లీడరు, ఇంకొకరు సహాయకులు, మిగిలిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక బాధ్యత ఉంటుంది. మీ బళ్లోనూ అలాగే జట్లు కట్టించి తాగునీళ్లు, లైబ్రరీ, ఆటల సామాను, మొక్కలు, ప్రేయర్‌లో వార్తలు, మధ్యాహ్న భోజనం తలా ఒకటి అప్పగించండి, రెండు నెలలకోసారి పనులు మార్చండి, లీడర్లనీ మార్చండి.

భోజనం జట్టునే తీసుకోండి. చిన్న క్లాసుల పిల్లలకి ముందు పెడుతున్నారా, ఎవరికైనా గుడ్డు అందలేదా, అన్నం ఏ రోజు ఎక్కువ పారేస్తున్నారు, ఎందుకు పారేస్తున్నారు, చేతులు కడుక్కునే చోట తోపులాట ఎలా తగ్గించాలి, ఇవన్నీ ఆ ఏడెనిమిది మందే చూడాలి, నోట్సులో రాయాలి, వంట చేసే అమ్మలతో మర్యాదగా మాట్లాడాలి. తొమ్మిదో తరగతి పిల్లాడు వెళ్లి 'అమ్మా, మంగళవారం కూర మిగిలిపోతోంది, ఏం చేద్దాం' అని అడగగలిగాడంటే వాడికి ఏ ఉపన్యాస పోటీలోనూ రానిది వచ్చినట్టే. వేదిక ఎక్కితే నోరు పెగలని పిల్లలు కూడా ఇలాంటి పనుల్లో పైకి వస్తారు, వాళ్లని గమనించండి.

వారానికోసారి, నో బ్యాగ్ డే ఉంటే ఆ రోజే, జట్ల లీడర్లంతా అరగంట కూర్చోవాలి. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా అన్నది ఒక పిల్ల రాయాలి, పై వారం మొదట అదే చదవాలి. మీరు వెనక బెంచీలో కూర్చోండి, అడిగితే తప్ప మాట్లాడొద్దు. ఇదే అన్నిటికంటే కష్టం, పిల్లలు తప్పు నిర్ణయం తీసుకుంటుంటే మనకి నోరు ఆగదు, కానీ ఎవరికీ ప్రమాదం లేనంతవరకు ఆ తప్పు జరగనివ్వాలి, దాన్ని వాళ్లే దిద్దుకోవాలి.

2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిపారు. మీ బళ్లోనూ చేయించండి, కాకపోతే పెద్ద పెద్ద విషయాలు వద్దు, ఆడపిల్లల టాయిలెట్‌కి నీళ్లు రావట్లేదన్నది చర్చకు పెట్టించండి. సభ తీర్మానం హెచ్ఎం గారికి వెళ్లాలి, ఆయన వారంలో జవాబు చెప్పాలి, కుదరకపోతే ఎందుకు కుదరదో అయినా చెప్పాలి. జవాబు రాకపోతే పిల్లలకి ఇదంతా నాటకమని తెలిసిపోతుంది, మళ్లీసారి ఎవరూ నోరు విప్పరు.

ఇంకొక్కటి. చాలా బళ్లలో మైకు, గ్రౌండు మగపిల్లలకి, ముగ్గులు, అతిథులకి బొట్టు పెట్టడం ఆడపిల్లలకి. దయచేసి ఇది మార్చండి.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. వేసవిలో లీడర్‌షిప్ క్యాంపు అంటున్నారు, ఫీజు బాగా ఎక్కువ. పంపమంటారా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: అక్కడ పిల్లలు రోజూ ఏం చేస్తారో అడగండి. వినడం, రాసుకోవడం, చివర్లో సర్టిఫికెట్ అంటే వద్దు. జట్టుగా వండటం, నడవటం, ఏదైనా కట్టడం లాంటివి ఉంటే, మీకు భారం కాకపోతే పంపండి. అంత ఫీజు కట్టలేకపోతే టెన్షన్ పడకండి, ఈసారి ఊరి ప్రయాణం అమ్మాయికి అప్పగించండి: ఏ బస్సు, ఎన్నింటికి, ఎంత ఖర్చు, ఏం సర్దుకోవాలి అన్నీ తనే చూడాలి. మధ్యలో మీరు కల్పించుకోకుండా ఉంటే చాలు.