బ్రేకు పట్టని అంబాసిడర్: షెడ్డు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. 1985లో మా నాన్న కొన్న అంబాసిడర్ ఇంకా మా దగ్గరే ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ముందు చక్రాలకు డిస్కులు వేయిద్దామని పెద్ద సైజు క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగాలు) నేనే సెకండ్ హ్యాండ్‌లో కొని, హైదరాబాద్‌లో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో ఇచ్చాను. కూలి 26,000 మాట్లాడుకున్నాం. 14,000 ఫోన్‌లో పంపాను, బిల్లు ఇవ్వలేదు. బండి తెచ్చుకున్నప్పటి నుంచి పెడల్ మెత్తగా కిందికి పోతోంది, రెండు మూడుసార్లు కొడితే గానీ పట్టట్లేదు. నార్కట్‌పల్లి రోడ్డు మీద వడ్ల లారీ వెనక జానెడు దూరంలో ఆగాను. అడిగితే మొదట ‘ప్యాడ్లు సెట్ కావాలి, 500 కిలోమీటర్లు తిప్పండి’ అన్నారు. ఇప్పుడు ‘మీరు తెచ్చిన సామానే బాగాలేదు’ అంటూ మిగతా 12,000 అడుగుతున్నారు. కేసు వేయొచ్చా? హైదరాబాద్ పోవాలా?

జవాబు: వేయొచ్చు. హైదరాబాద్ పోనక్కర్లేదు. కానీ అంతకంటే ముందు ఒక పని చేయాలి: బండి తాళాలు తీసి బీరువాలో పెట్టండి.

ఇది జాగ్రత్త కోసం చెప్పే మాట మాత్రమే కాదు. లోపం ఉందని తెలిసి, లేదా కాస్త చూసుకుంటే తెలిసేదై ఉండి కూడా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(1) కింద తప్పు నడిపినవాడిదే. అది ప్రమాదానికి దారితీస్తే జైలు శిక్ష కూడా ఉంది. రేపు మీరు షెడ్డుకు ‘బ్రేకులు పడటం లేదు’ అని నోటీసు పంపుతారు. ఎల్లుండి అదే బండితో ఎవరినైనా గుద్దితే, లోపం మీకు ముందే తెలుసని రుజువు చేసే మొదటి కాగితం మీ నోటీసే అవుతుంది. బ్రేకు ఫెయిలైంది, నా తప్పేం లేదు అనే వాదన కోర్టులో నిలబడాలంటే, లోపం బయటికి కనపడనిదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ యజమానే చూపించాలి. మీకు ఆ దారి మూసుకుపోయింది.

ఇక అసలు సంగతి. మీ కేసు మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: లోపం మీరు తెచ్చిన సామానులో ఉందా, వాళ్లు బిగించిన తీరులో ఉందా? నాకు బ్రేకుల గురించి తెలిసింది తక్కువే. అందుకే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర, అంబాసిడర్ల మీదే జుట్టు నెరిసిన ఒక మెకానిక్‌ను అడిగాను. ఆయన బండి చూడకుండానే అన్న మొదటి మాట: ‘నిపుల్ పైకుందా, కిందికుందా?’

క్యాలిపర్‌లో చేరిన గాలి బయటికి తీయడానికి చిన్న నిపుల్ ఉంటుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కాబట్టి నిపుల్ పై కొసన ఉండాలి. ఎడమ క్యాలిపర్ కుడికి, కుడిది ఎడమకి బిగిస్తే అన్నీ సరిగ్గా కూర్చున్నట్టే ఉంటాయి గానీ నిపుల్ కిందికి వస్తుంది. అప్పుడు ఎన్ని సీసాల బ్రేక్ ఆయిల్ పోసి ఎంతసేపు బ్లీడింగ్ (గాలి తీసే పని) చేసినా పైన గాలి బుడగ అలాగే ఉంటుంది. మీరు తొక్కే బలం ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా పోవడం, పంపు కొట్టినట్టు కొడితే కాస్త గట్టిపడటం దీనికి సరిపోయే లక్షణాలేనట. ముందు చక్రం విప్పి, జాకీ మీదే నమ్మకం పెట్టకుండా స్టాండు వేసి, ఆ నిపుల్ ఎటు ఉందో ఫోటో తీయించండి. కింద ఉంటే సగం కేసు ఆ ఫోటోలోనే ఉంది. సామాను ఎవరు తెచ్చినా తలకిందులుగా బిగించింది వాళ్లే కదా.

నిపుల్ పైనే ఉంటే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్ చూడాలి. క్యాలిపర్ పిస్టన్ పెద్దదైతే దాన్ని కదపడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. డ్రమ్ముల కోసం పెట్టిన పాత సిలిండర్ ఒక్క తొక్కుకు అంత పంపలేకపోతే పెడల్ అడుగుకు పోతుంది. వెనక డ్రమ్ముల షూలు వదులుగా ఉన్నా ఇలాగే అవుతుంది, అది పైసా ఖర్చు లేని పని కాబట్టి ముందు అదే చూడాలని ఆ మెకానిక్ అన్నాడు. పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే అది వేరే జబ్బు. డ్రమ్ములో షూ తిరిగే డ్రమ్మును తనే కరుచుకుంటుంది, డిస్కుకు ఆ గుణం లేదు. అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేని పాత బండికి డిస్కులు వేస్తే కాలు నొప్పి పుట్టేలా తొక్కాలి. మీది ఈ బాపతు కాదు. ఇక ప్యాడ్లు సెట్ కాకపోతే బ్రేకు కాస్త తక్కువ పట్టవచ్చు గానీ పెడల్ కిందికి పోదు. ఆ 500 కిలోమీటర్ల మాట నాకైతే తప్పించుకోవడానికి అన్నట్టే ఉంది.

సైజుల తేడా వల్లే అయితే మీ కేసు కొంచెం బలహీనపడుతుంది, దాచడం ఎందుకు. క్యాలిపర్లు ఎంచింది మీరు. అయినా పాత కార్ల పని తెలుసని చెప్పి కూలి తీసుకున్నవాడు ‘ఈ సిలిండర్‌తో ఇవి పనిచేయవు’ అని చెప్పాలి, చెప్పకుండా బిగించి రోడ్డెక్కించడం సేవాలోపమే అని నేను వాదిస్తాను. క్యాలిపర్లు తయారుచేసిన కంపెనీని మాత్రం కేసులోకి లాగొద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొని, వేరే బండికి మార్చి వాడిన సామాను అది.

వాళ్ల వకీలు ఇంకో మాట తీస్తాడు. కంపెనీ ఇచ్చిన నమూనాను యజమాని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. ఆర్‌సీలో బ్రేకుల రకం రాసి ఉండదు కాబట్టి మీకు కొంత వాదన ఉంది. అయినా ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మార్పు సంగతి రాసి తెలియజేయండి. చెప్పకపోతే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. పనిలో పనిగా ఆర్‌సీ రెన్యువల్ తేదీ కూడా చూసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి చేయించాలి, చాలామంది మరిచిపోతారు. ‘వింటేజ్ కారు కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి.

ఇప్పుడు చేయాల్సింది. బండిని టోయింగ్ వాహనం మీద వేరే షెడ్డుకు చేర్చి, ఏమీ విప్పి మార్చకుండా, ఏం లోపం ఉందో ఆ మెకానిక్‌తో రాయించి సంతకం తీసుకోండి. పెడల్ ఎంత కిందికి పోతోందో స్కేలు పెట్టి వీడియో తీయండి. ముందే బాగుచేయించుకుంటే రుజువు పోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. తర్వాత రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు గడువు పెట్టండి: బండిని వాళ్ల ఖర్చుతో తీసుకుపోయి సరిచేయాలి, లేదా 14,000 తిరిగివ్వాలి. క్యాలిపర్లు అటుదిటు మార్చి గాలి తీయడం ఒక పూట పని. నిజాయితీ ఉన్నవాడైతే ఇక్కడే ముగుస్తుంది.

ముగియకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 35 కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోట వేసే హక్కు కొత్త చట్టంలో వచ్చింది. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. కూలి పూర్తిగా కట్టకపోయినా, కొంత కట్టి కొంత ఇస్తానన్నవాడు కూడా వినియోగదారుడే. బిల్లు లేదని టెన్షన్ వద్దు. ఫోన్ పేమెంటు, వాట్సాప్ మాటలు పనికొస్తాయి, వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రుజువులను ధ్రువీకరించే పత్రం) జతచేయాలి. ఆ ‘500 కిలోమీటర్లు’ మెసేజ్ రూపంలో ఉంటే ఆ ఫోన్ మార్చకండి.

లారీకి తగల్లేదు కాబట్టి ఆ భయానికి లక్షలు అడగకండి. కూలి, టోయింగ్, రెండో మెకానిక్ ఖర్చు, మనోవేదనకు ఒక మోస్తరు మొత్తం, అంతే. అయిదు లక్షలని రాసినవాళ్ల అసలు డిమాండు కూడా కమిషన్‌కు అనుమానంగానే కనిపిస్తుంది.

మిగతా 12,000 ఇప్పుడు ఇవ్వకండి, ఎందుకు ఇవ్వడం లేదో నోటీసులో రాయండి. చేసిన పనికి కూలి వచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు మెకానిక్‌కు ఉంటుంది, కానీ బండి మీ చేతికి ఇచ్చేశాక అది పోయింది. ఒకవేళ పాత డ్రమ్ములు, షూలు, ప్లేట్లు ఇంకా షెడ్డులోనే ఉంటే వాటి పేర్లు ఒక్కొక్కటీ రాసి వెనక్కి అడగండి. అవి మీ సొత్తు, తూకానికి అమ్మేశాక దొరకడం కష్టం. రేపు డిస్కులు ఎంతకీ కుదరకపోతే మీ నాన్నగారి బండి మళ్లీ రోడ్డెక్కాల్సింది వాటితోనే.